మందుపెట్టె మీది అంకెల చరిత్ర

మందుల దుకాణం నుండి తెచ్చుకున్న ఏ పెట్టెనైనా ఒకసారి తిప్పి చూడండి. మందు పేరు, ధర గాక, ఒక మూలన చిన్న అక్షరాలలో బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ కనిపిస్తాయి. గడువు తేదీని చాలామంది చూస్తారు. బ్యాచ్ నంబరును చూసేవారు అరుదు. వైద్యులలో సైతం అరుదే. ఆ నాలుగైదు అంకెలు అక్కడికి ఎట్లా వచ్చాయో, చెరిగిపోయే సిరాను వదలి వాటిని నేడు లేజర్ కిరణంతో ఎందుకు రాస్తున్నారో తెలుసుకోవాలంటే సుమారు తొంభై ఏళ్ళు వెనక్కి పోవాలి.

1937లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో మాసెన్‌గిల్ అనే కంపెనీ సల్ఫనిలమైడ్ మందును పిల్లలు తాగగలిగే ద్రవరూపంలో తయారు చేసింది. మాత్రగా అది అప్పటికే గొంతునొప్పి వంటి సూక్ష్మజీవుల వ్యాధులకు బాగా పనిచేస్తున్నది. ఆ మందు నీటిలో సరిగా కరగదు కనుక, కంపెనీ రసాయనికుడు దానిని డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించాడు. రుచి చూశారు, రంగు చూశారు, వాసన చూశారు. విషమా కాదా అన్నది మాత్రం చూడలేదు. చూడాలనే చట్టమూ అప్పటికి లేదు. 240 గ్యాలన్ల మందు దేశం నలుమూలలకూ వెళ్ళింది. తాగిన వారికి మూత్రం బంధించి, మూత్రపిండాలు చెడి, వందమందికి పైగా మరణించారు. వారిలో పిల్లలు అనేకులు.

అప్పుడు ఆ మందును వెనక్కి రప్పించిన తీరు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థకు క్షేత్రస్థాయిలో ఉన్న 239 మంది ఉద్యోగులూ దాదాపు అందరూ రంగంలోకి దిగారు. కంపెనీ రవాణా కాగితాలు, దుకాణాల అమ్మకపు చీటీలు, వైద్యుల మందుచీటీలు పట్టుకుని ఊరూరా, ఇల్లిల్లూ తిరిగారు. కొండ ప్రాంతానికి వలసపోయిన ఒక కుటుంబంలోని మూడేళ్ళ బాలుణ్ణి వెతకడానికి ఒక వైద్యుడు తన పెళ్ళినే వాయిదా వేసుకున్నాడట. చివరకు 234 గ్యాలన్లకు కొంచెం పైగా మందును పట్టుకోగలిగారు. మిగిలిన ఆరు గ్యాలన్ల లోపు మందే అన్ని ప్రాణాలు తీసింది. కంపెనీపై మోపగలిగిన నేరం కూడా చిత్రమైనదే: సారాయి లేని ద్రావణాన్ని ‘ఎలిక్సిర్’ అని పిలవడం! మరుసటి ఏడాది, 1938లో, అమ్మకానికి ముందే మందు నిరపాయకరమని నిరూపించాలనే చట్టం వచ్చింది.

మన దేశంలో కల్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన 1930లో ఔషధ విచారణ సంఘం ఏర్పడింది. దాని సూచనల ఫలితంగా 1940లో ఔషధ చట్టం, 1945లో దాని నియమాలు వచ్చాయి. లేబులు మీద ఏమేమి ఉండాలో ఆ నియమాలే చెప్పాయి. అయినా అదే విషం మనలను వదలలేదు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో రోగులకు ఇచ్చిన గ్లిసరిన్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ కలిసి 14 మంది మరణించారు. జస్టిస్ లెంటిన్ విచారణ నివేదిక కొనుగోలు మొదలు పరీక్షల వరకు గొలుసులోని ప్రతి లంకెనూ తప్పుబట్టింది.

బ్యాచ్ నంబరు విలువ నిజంగా లోకానికి తెలిసినది 1982లో చికాగోలో అనుకుంటాను. టైలెనాల్ గుళికలు వేసుకున్న ఏడుగురు సయనైడ్ వల్ల మరణించారు. మొదట ఒకే నంబరు గల సీసాలను అనుమానించి, ఆ నంబరును రేడియోలలో, టెలివిజన్‌లో ప్రకటించారు. తరువాత విషపు సీసాలు వేరే నంబర్లలోనూ దొరికాయి. ఆ నంబర్లు చూస్తే కొన్ని పెన్సిల్వేనియా కర్మాగారానివి, కొన్ని టెక్సాస్‌వి. రెండు దూరపు కర్మాగారాలలో ఒకేసారి విషం కలిసి, మరణాలు ఒక్క చికాగో చుట్టుపక్కలే జరగడం అసంభవం. కనుక విషం కలిసినది కర్మాగారంలో కాదు, దుకాణాలకు చేరిన తరువాతనే అని తేలింది. నేరస్థుడు నేటికీ దొరకలేదు. కాని విచారణను సరైన దారిలో పెట్టినది సీసా మీది ఆ అంకెలే. కంపెనీ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తీసుకుంది. మూత తెరిస్తే తెలిసిపోయే ముద్రలు అప్పటి నుండే తప్పనిసరి అయ్యాయి.

ఇంతటి అంకెలను రాసే పద్ధతి మాత్రం చాలాకాలం నాసిగానే ఉండేది. మొదట రబ్బరు ముద్ర, తరువాత రేకు అంచున నొక్కిన అచ్చు, ఆ పిదప సన్నని సిరా తుంపరలు చిమ్మే ఇంక్‌జెట్ యంత్రం. సిరాకు చెమట పడదు, స్పిరిట్ అసలే పడదు. నా వద్దకు వచ్చే రోగులు జేబులో నలిగిన పెట్టెలను చూపించినప్పుడు, తేదీ ఉండవలసిన చోట నీలి మరక మాత్రమే మిగిలి ఉండటం ఎన్నోమార్లు చూశాను. మనకు ఇబ్బందియైనది మోసగాడికి సదవకాశం. కాలం తీరిన మందుపై పాత తేదీని తుడిచి కొత్తది వేయడానికి దూది, కొంచెం ద్రావకం చాలు.

లేజర్ ఇక్కడే ప్రవేశించింది. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ కెంపురాతితో తొలి లేజర్‌ను వెలిగించాడు. కర్మాగారాలకు బాగా అక్కరకు వచ్చిన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను మాత్రం 1964లో బెల్ ప్రయోగశాలలో సృష్టించినవాడు మన వాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివిన కుమార్ పటేల్ ఆయన. చెవి, ముక్కు, గొంతు వైద్యులు 1970లలో స్వరపేటిక శస్త్రచికిత్సకు వాడిన లేజరు కూడా ఇదే. కణజాలంలోని నీరు ఆ కిరణాన్ని ఇట్టే పీల్చుకుంటుంది కనుక కోత సున్నితంగా పడుతుంది.

మందుపెట్టె మీద పనిచేసే సూత్రం ఇంకా సులభం. అట్టపై ముందే ఒక చిన్న రంగు పట్టీ అచ్చువేసి ఉంచుతారు. కదలే అద్దాలు కిరణాన్ని అక్షరాల ఆకారంలో నడిపిస్తే, ఆ గీతల వెంట రంగు పొర ఆవిరై లోపలి తెల్లని అట్ట బయటపడుతుంది. అంటే అక్షరం అక్కడ ఉన్నది కాదు, అక్కడ లేనిది! దానిని తుడవడానికి ఏమీ మిగలదు. మార్చాలంటే అట్టనే గీకాలి, గీకితే తెలిసిపోతుంది. టైటానియం డయాక్సైడ్ కలిపిన తెల్లని ప్లాస్టిక్ సీసాల పైన అతినీలలోహిత లేజర్ పడితే ఆ తెల్లపొడి రంగు మారి నల్లబడుతుంది. ఉక్కు శస్త్రపరికరాలను లేజర్‌తో మెల్లగా వేడిచేస్తే ఉపరితలం మీద నల్లని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గుంట పడదు గనుక క్రిములు దాగడానికి చోటుండదు.

అయితే ఇది అన్నింటికీ పనికివచ్చే సాధనం కాదు. మాత్రల పొక్కు పట్టీలలో విరివిగా వాడే పి.వి.సి. ప్లాస్టిక్‌ను లేజర్‌తో కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది ఊపిరితిత్తులకూ, యంత్రానికీ చేటు. అట్ట మీది రంగు కాలినా పొగ వస్తుంది. ఆ పొగను పీల్చివేసే ఏర్పాటు లేని చోట పనిచేసే కార్మికుని శ్వాస గురించి ఎవరూ పట్టించుకోకపోవడం బాధాకరం.

2022 నవంబరులో మన కేంద్ర ప్రభుత్వం ఔషధ నియమాలను సవరించి, పేరొందిన 300 బ్రాండుల మందులపై బార్‌కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని ఉండాలని ఆదేశించింది. 2023 ఆగస్టు 1 నుండి అది అమలులోకి వచ్చింది. మందు అసలు పేరు, బ్రాండు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, తేదీలు, లైసెన్సు నంబరు అన్నీ ఆ చిన్న గళ్ళ చతురస్రంలో ఇమడాలి. చాలా గళ్ళు చెదిరితే చదివే యంత్రం తడబడవచ్చు కనుక చెదరని ముద్రణ అవసరం మునుపటి కన్నా పెరిగింది.

అంతా బాగున్నా, లేజర్ రాయగలిగినది పెట్టె మీదనే. పెట్టెలోని దానిని అది పరీక్షించలేదు. 2025లో తమిళనాడులో తయారైన కోల్డ్రిఫ్ దగ్గుమందు తాగి మధ్యప్రదేశ్‌లో 20 మందికి పైగా పసివారు మరణించారు. పరీక్షలో తేలినది 48.6 శాతం డైఎథిలీన్ గ్లైకాల్! 1937 నాటి ఆ విషమే. ఆ సీసాలపైనా బ్యాచ్ నంబరు ఉంది: ఎస్.ఆర్.-13. పసివారిని అది కాపాడలేదు. కాని తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం ఆ ఒక్క నంబరును ప్రకటించి, ఆ సీసా ఉన్నవారు వాడటం ఆపి తమకు తెలపాలని కోరగలిగింది. 1937లో ఇల్లిల్లూ తిరిగి చేయవలసి వచ్చిన పని అది.

అటువంటి ప్రకటన మన ఇంటి గడపలోకి వచ్చిన రోజున సీసా పెట్టె చెత్తబుట్టలో ఉండరాదు. పట్టీని కత్తిరించి నాలుగు మాత్రలు అడిగినప్పుడు, నంబరున్న చివర ఎవరి చేతికి వెళ్ళిందో చూసుకోండి. దుకాణదారు బిల్లులో బ్యాచ్ నంబరు రాయకుంటే రాయమని అడగండి. ఇంట్లో మాత్రలు వాడేటప్పుడు ఆ చివరను విడిచిపెట్టి, అవతలి వైపు నుండి చింపుతూ రండి.