చేబ్రోలు (గుంటూరు జిల్లా)

చేబ్రోలు, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని గుంటూరు జిల్లాకు చెందిన ఒక గ్రామము, మండల కేంద్రము. ఇది గుంటూరు - పొన్నూరు మార్గములో, గుంటూరు నుండి సుమారు 15 కి.మీ. దూరమున, సంగం జాగర్లమూడికి సమీపములో కలదు.

చరిత్ర

2019లో భీమేశ్వరాలయ పునరుద్ధరణ సమయమున, శాతవాహన రాజైన విజయుని కాలపు (క్రీ.శ. 207) సంస్కృత శాసనము ఇచ్చట బయల్పడినది. సప్తమాతృకల ఆరాధనను తెలుపు శాసనములలో ఇది అతి ప్రాచీనమైనదిగా గుర్తింపు పొందినది. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, 'నృత్త రత్నావళి' కర్త అయిన జాయప సేనాని శాసనము (1213) కూడ ఈ ఊరిదే.

దేవాలయములు

రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయము కోనేటి నడుమ ఉన్నది. శివలింగమునకు నాలుగు వైపుల బ్రహ్మ రూపములుండుట దీని విశేషము.

జనజీవనము

కృష్ణా డెల్టా కాలువ నీటితో వరి పండును. పెద్ద వైద్యమునకు గుంటూరు ఆధారము. ఇచ్చట శాసనములు నివాసముల నడుమనే లభించుచున్నవి. కావున మరమ్మతులలోగాని, పునాదులు త్రవ్వునపుడుగాని అక్షరములున్న రాయి కనబడినచో కదల్చక పురావస్తు శాఖకు తెలియజేయుట అవసరము.