మున్సబు గారి అరుగు



పోయిన వారం వంకాయలు పట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. తెల్లారేసరికి సరుకు దిగిపోయింది. ధర సంగతి అడక్కండి. టీ తాగుతుంటే పక్కన ఓ పెద్దాయన సంచిలోంచి కోర్టు కాగితాలు తీసి సర్దుకుంటున్నాడు. గట్టు తగువట. కూరగాయల డబ్బులు అట్నుంచటే వకీలుకి. "మా తాత రోజుల్లో ఇలాంటివి మున్సబు అరుగు మీదే తేలిపోయేవి బాబూ" అన్నాడు.

ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. మా ఊరి మున్సబు గారి పెంకుటిల్లు ఇంకా నిలబడే ఉంది మరి. ఇప్పుడది మామూలు కాపురం ఇల్లు. ఒకప్పుడు అది కోర్టంటే మన పిల్లలు నవ్వుతారు.

పేరుకి కాదండీ, చట్టప్రకారం కోర్టే. 1816లో మద్రాసు ప్రభుత్వం ఊరిపెద్దనే మున్సబు చేసింది. దీని వెనకున్నది థామస్ మన్రో. పది ఆర్కాటు రూపాయల లోపు దావా ఆయనే విని తీర్పు చెప్పొచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే మధ్యవర్తిగా వంద దాకా. తర్వాత 1889లో గ్రామ కోర్టులకి వేరే చట్టమే వచ్చింది. అయితే ఒక తిరకాసుంది. ఆ అధికారం అప్పులకీ, సామాన్లకీ, పశువులకీ గానీ భూమికి లేదు. అంటే ఆ పెద్దాయన తాత గారి గట్టు తగువు అరుగు మీద తేలితే, అది చట్టం బలంతో కాదు, పెద్దరికం బలంతో తేలినట్టే.

కోర్టుకని సర్కారు విడిగా బిల్డింగు కట్టలేదు. మున్సబు ఎక్కడ కూర్చుంటే అదే కచేరీ. అందుకే మా ఊరి ఇల్లు కట్టిన తీరు చూడండి. గుమ్మానికి అటూ ఇటూ అరుగులు. కుడి అరుగు జానెడు ఎత్తు ఎక్కువ, దానికే లావుపాటి కర్ర స్తంభాలు. గోడలో కాగితాలకీ సిరాబుడ్డికీ ఒక గూడు. వచ్చినవాళ్లు గడప దాటే పనే లేదు. లోపల మండువాలో ఆడవాళ్లు వడ్లు ఎండబెట్టుకుంటుంటే, బయట వాయిదాలు నడిచేవి. అరుగు పక్కనే కిటికీ లేని చిన్న గది, తలుపు వీధివైపుకే. ఇప్పుడందులో ఎరువు బస్తాలు పెట్టారు.

ఆ గది ఎందుకో మా నాన్నమ్మకి తెలుసు. చెప్పేది కాదు. నాకు చట్టం చదివాక అర్థమైంది. అదే 1816లో వచ్చిన పదకొండో రెగ్యులేషన్ ప్రకారం తిట్లలాంటి చిన్న తప్పులకి ఊరిపెద్ద మనిషిని 12 గంటలు సావిట్లో పెట్టొచ్చు. తక్కువ కులంవాడైతే 6 గంటలు బొండకొయ్యలో కాళ్లు బిగించొచ్చు. కులం చూసి శిక్ష! ఎవరో చాటుగా చేసింది కాదు, అచ్చేసిన చట్టంలోనే ఉంది. శిస్తు వసూలుకీ ఆయనే, పోలీసు పనికీ ఆయనే, తీర్పుకీ ఆయనే. ఇక ఆయన మీదే ఫిర్యాదు ఉన్నవాడు ఏ అరుగు ఎక్కాలి? మా పేటలో ముసలాళ్లు ఇప్పటికీ ఆ ఇంటి ముందు నడిచేటప్పుడు వీధికి అటువైపు జరుగుతారు. అలవాటైపోయింది.

కాబట్టి మార్కెట్లో పెద్దాయన మాట సగమే నిజం అంటాను. దగ్గరగా ఉండేది, చవగ్గా అయ్యేది, నిజమే. అందరికీ ఒకేలా ఉండేది కాదు.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మున్సబు, కరణం పదవులు తీసేసింది. తెలంగాణలో పటేల్, పట్వారీలు కూడా అప్పుడే పోయారు. ఆ పొద్దుతో మా ఊరి కచేరీ ఉత్త ఇల్లయిపోయింది. 2008లో గ్రామ న్యాయాలయాల చట్టం వచ్చింది గానీ, గట్టు తగువుకి మా ఊరివాళ్లు ఇంకా టౌను బస్సే ఎక్కుతున్నారు.

మొన్న ఆ ఇంటివాళ్లు బండి ఎక్కించడానికి ఎత్తరుగు సగం కొట్టి ర్యాంపు పోశారు. చూడబోతే లోపల రాతిదిమ్మ ఒకటి బయటపడింది, దాని మీద రెండు గుండ్రటి గుంటలు. రోలు పాదమో, మరోటో. మీ ఊళ్లో మున్సబు ఇంటి దగ్గర అలాంటిది ఉంటే ఫోటో పెట్టండి.