మఖ కార్తెల మంచు

జరుగుండ్రి, అందరికి వేడి తగలాలె. కుంపటి మాత్రం వాకిట్లనే ఉండాలె, ఇంట్లెకు తీస్కపోవద్దు. బొగ్గు ఎర్రగ కాలి పొగ ఆగినా దాని గాలి నాలుగు గోడల నడుమ చేరితె నిద్రల్నే పాణం తీస్తది. కంటికి కనవడది, ముక్కుకు తెల్వది. ఏండ్లకేండ్లు బొగ్గుబాయిల పనిజేసినోణ్ణి, గాలి సంగతి తెలిసినంత నాకు ఇంకోటి తెల్వది. ఇయ్యాల చెప్పే ముచ్చటల గూడ గాలే ఉన్నది.

పెద్దోడు లదాఖ్ పోతడట, బుల్లెట్ మీద, ఒక్కడే. వాళ్ళమ్మ బుగులు పడుతున్నది గని నేను వద్దనను. వాన ఎప్పుడు పడ్తదో ఫోన్ల గంట గంటకు చూపిస్తది తాతా అంటున్నడు. చూపియ్యనీ. నేను పోయింది 1993ల. అప్పుడు వాన సంగతి, మంచు సంగతి తొవ్వల ఉన్న మనుషులే చెప్పేది. వాళ్ళ ముచ్చట మీకు చెప్పాల్నని ఎప్పటినుంచో మనసుల ఉన్నది.

నేను అప్పుడు గోదావరిఖనిల ఫిట్టర్‌ను. బాయి దిగి పంపులు, హాలేజ్ ఇంజన్లు చూసేది. పక్కింటోళ్ళ కొడుకు ఫౌజుల ఉండె. సెలవు మీద వచ్చినప్పుడల్ల మనాలి నుంచి లేహ్ పోయే రోడ్డు గురించి చెప్పేటోడు. ఆ రోడ్డు ఫౌజు కోసం ఏసింది, 1989ల గని బయటి జనాలకు తెరువలె. ఐదు వందల కిలోమీటర్లకు జర తక్కువ దూరం, అందుల నాలుగు పెద్ద కనుమలు. 13 వేల అడుగుల రోహ్‌తంగ్ మొదలు 17,582 అడుగులని బోర్డు పెట్టిన తంగ్లంగ్ లా దాక. పొద్దంత నేల కింద వంగి నడిచే నాకు ఆ లెక్కలు వింటె నిద్ర పట్టకపోయేది. అంత ఎత్తుల నిలవడి ఒక్కసారి గాలి పీల్చాలె అనుకున్న. అంతకు మించి కారణం లేదు.

సెలవులు కూడవెట్టుకొని కాజీపేటల బండిని రైలెక్కిచ్చిన. ట్యాంకుల పెట్రోలంత తీసి, హ్యాండిల్‌కు, దీపాలకు గోనెపట్టాలు చుట్టి పార్సిల్ జేసిన. ఢిల్లీల దించుకొని అంబాలా, బిలాస్‌పూర్, మండి, కులూ మీదికెళ్ళి మనాలి చేరిన. మద్రాసుల తయారైన పాత బుల్లెట్ అది. గేరు కుడికాలుకు, బ్రేకు ఎడమకాలుకు. కిక్కు కొట్టాల్నంటె ముందు అమ్మీటర్ ముల్లు నడుమకొచ్చేదాక పిస్టన్‌ను మెల్లగ తేవాలె, డీకంప్రెషర్ ఒత్తి జరంత దాటియ్యాలె, అప్పుడు మొత్తం బరువేసి తన్నాలె. బాయిల ఇంజన్లతోని ఎట్ల మాట్లాడిన్నో ఆ బండితోని గూడ గట్లనే.

మనకు వాన అంటె కార్తెల లెక్క. మృగశిరకు ఏమైతది, ఆరుద్రకు ఏమైతది, చిన్నప్పటినుంచి మా నాయిన చెప్పిండు. నేను పోయింది మఖ కార్తె. మనాలిల గూడ మఖ కార్తె మన దగ్గరి తీరే ఉండె, తెగని ముసురు. రోహ్‌తంగ్ ఎక్కేదంత బురద. ముందు లారీ టైర్లు తిరుగుతున్నయి గని లారీ కదల్తలేదు. పక్కకు చూస్తె తెల్లటి మొగులు, దాని కింద లోయ ఎంత ఉన్నదో తెల్వది. మొదటి గేరుల, రెండు కాళ్ళు నేలకు ఆనిచ్చుకుంట ఎక్కిన. కనుమ మీదికి వచ్చి అటు దిక్కు దిగుతుంటె ముసురు ఆగిపోయింది. అటు పోయినకొద్ది మొగులే లేదు. ఋతుపవనాన్ని పీర్ పంజాల్ కొండల వరుస ఆపుతది, రోహ్‌తంగ్ ఆ వరుస మీదనే ఉన్నది. ఇటు అడవి, అటు ఎండిన గుట్టలు. అటు దిక్కున్న లాహౌల్ల అంత ఎండల గూడ ఆలుగడ్డ చేన్లు, బటానీ చేన్లు పచ్చగ ఉండె, మంచుగడ్డల నీళ్ళను కాలువలు తవ్వి తెచ్చుకున్నరు. వాన లేని జాగల వ్యవసాయం జేసుడు చూసి మా నాయిన ఉంటె బాగుండు అనిపిచ్చింది.

ఇప్పుడు ఆ రోహ్‌తంగ్ ఎక్కే పని లేదు. దాని కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబర్ల తెరిచిండ్రు. తెరిచిననాడు టీవీ ముందటినుంచి నేను లేవలె. సేరీ నాలా కింద 587 మీటర్ల జాగల రాయి నలిగి మెత్తగ ఉండె, పైనుంచి నీళ్ళు ఉబికి వచ్చి, అంత కొంచెం దూరం తవ్వుడుకే ఏండ్లు పట్టింది. పైకప్పు మెత్తబడి, నీళ్ళు కారుతుంటె దాని కింద నిలవడి పనిజేసుడు ఏందో నాకు తెలుసు. ఆ సొరంగంలకెళ్ళి పోయేటోళ్ళు పది నిమిషాలల్ల దాటిపోతరు. పోనీ, పోవుడు కోసమే గదా తవ్వింది. గని పెద్దోడా, సేరీ నాలా పేరు మాత్రం యాదికి పెట్టుకో.

తాండి కాడ చంద్ర, భాగ రెండు నదులు కలుస్తయి, అదే ముందుకు పోయి చీనాబ్ అయితది. ఆ తాండిల పెట్రోల్ పోయిచ్చుకోవాలె. అది దాటితె లేహ్ దాక 365 కిలోమీటర్లు ఇంకో బంకు లేకుండె. బుల్లెట్ ట్యాంకుల 14 లీటర్లు పడ్తది, గుట్టల మీద అది చాలది. అందుకని ఎనుక సీటు పక్కలకు రెండు డబ్బలు కట్టిన.

కేలాంగ్ల ఒక పూట ఎక్కువ ఆగిన. పానం ఆ ఎత్తుకు అలవాటు కావాలె, బండి గూడ కావాలె. పైకి పోతున్నకొద్ది గాలి పలచబడ్తది. 16 వేల అడుగుల కాడ మన దగ్గర ఉన్న గాలిల సగానికి జర ఎక్కువ ఉంటది, అంతే. కార్బొరేటర్‌కు ఆ సంగతి తెల్వక పెట్రోల్ ఎప్పటంతనే గుంజుతది. ప్లగ్గుకు మసి పడ్తది, ఇంజన్‌కు దమ్ము వస్తది. నేను కేలాంగ్ల్నే కార్బొరేటర్ ఇప్పి సూది క్లిప్పును పై గాడికి మార్చిన, జెట్టు చిన్నది ఏసిన. ఇప్పటి బండ్లల్ల ఆ పని కంప్యూటరే చేస్కుంటది. నీ పానానికి కంప్యూటర్ లేదు పెద్దోడా. తలకాయ పగిలేటట్టు నొప్పి లేసి, వాంతులయి, కూసున్న కాడ గూడ దమ్ము వస్తుందంటె ఇంకో అడుగు పైకి పోవద్దు. పగలా రాత్రా చూడకుండ కిందికి దిగాలె. మందు బిళ్ళ ఏసుకొని ఎక్కుత అంటె నేను ఒప్పుకోను.

దార్చా కాడ పోలీసోళ్ళు పేరు రాసుకుంటరు. అది దాటినంక ఒక జాగల గుట్ట జారి రోడ్డు మీద పడ్డది. దాన్ని ఎత్తేదాక అందరం ఆగినం. ఆడనే మొదటిసారి ఆ రోడ్డు పన్నోళ్ళను చూసిన. చేతుల పార, తలకు తువ్వాల, కాళ్ళకు చినిగిన గమ్‌బూట్లు. పైన గుట్ట దిక్కు మొఖం పెట్టి ఒకడు నిలవడ్డడు, వాడు పని చేస్తలేడు, ఉత్తగ చూస్తున్నడు, ఇంటున్నడు. సన్నటి కంకర రాలుడు షురూ అయితె వాడు కేక పెడ్తడు, అందరు పారలు వదిలి ఎనుకకు ఉరుకుతరు. మా బాయిల గూడ పనిల దిగే ముందు పైకప్పును కర్రతోని కొట్టి ఇంటరు. ఖంగుమంటె మంచిది, డొల్ల సప్పుడైతె ఆ కింద మనిషి నిలవడొద్దు. వాణ్ణి చూసేసరికి నాకు మా బాయి సర్దార్ యాదికొచ్చిండు. బండి పక్కకు పెట్టి నేను గూడ పార అందుకున్న. ఆ గాలిల పది పారలు ఎత్తేసరికి గుండె గొంతుల కొట్టుకుంది. వాళ్ళు పొద్దుగాలటి నుంచి ఎత్తుతున్నరు.

తొవ్వ తెరిచి జింగ్‌జింగ్‌బార్ చేరేసరికి పొద్దు వాలుతున్నది. ఆడ రోడ్డు మీదనే ఒక వాగు పారుతది, వంతెన లేదు. ఎర్రజెండ పట్టుకొని ఆ గ్యాంగు మేటు అడ్డం నిలవడ్డడు. ఇప్పుడు పోవద్దు, తెల్లారి పో అన్నడు. వాన లేదు, మొగులు లేదు, నీళ్ళు మాత్రం నడుములోతు గుంజుతున్నయి. ఆ గుట్టలల్ల వాగు వానకు రాదు, ఎండకు వస్తది. పొద్దంత ఎండ కాస్తె పైన మంచుగడ్డ కరిగి, ఆ నీళ్ళు కిందికి దిగేసరికి పగటీలి దాటి సాయంత్రమైతది. రాత్రి మళ్ళ గడ్డకడ్తది. పొద్దు పొడువక ముందే దాటాలె, అప్పుడు మోకాలు కిందికే ఉంటది. ఎండ మంచిగ కాసిన రోజే వాగు పెద్దదయితదని మా కార్తెలల్ల ఎక్కడ లేదు. మేటు చెప్తె తెలిసింది.

పొద్దుగూకినంక గాలి లేసింది. జరసేపటికి మంచు. మఖ కార్తెల మంచు పడుడు నేను కలల గూడ అనుకోలె. మేటు నన్ను వాళ్ళ డేరలకు పిలిచిండు. తారు డ్రమ్ములను కోసి సాపు జేసి గోడలు పెట్టుకున్నరు, మీద తాటిపత్రి, దాని మీద రాళ్ళ బరువు. అందరు దుమ్కా దిక్కు సంతాలోళ్ళు. అప్పుడు దుమ్కా బీహార్ల ఉండె, ఇప్పుడు జార్ఖండ్. ఎండకాలం మొదట్ల వస్తరు, మంచు రోడ్డు మూసేదాక ఉంటరు. నడుమ స్టవ్ మీద బియ్యం ఉడుకుతనే ఉన్నయి. ఆ ఎత్తుల నీళ్ళు 85 డిగ్రీల కాడనే మసులుతయి, అందుకని మెతుకు ఎంతకూ మెత్తబడది. ఆ సగం ఉడికిన బువ్వల పప్పు నీళ్ళు పోసి నాకు ముందు పెట్టిండ్రు.

చలికి డేర తలుపు మొత్తం కట్టేద్దామన్నరు. నేను పట్టువట్టి జానెడు సందు ఇడిపిచ్చిన. నేల కింద పనిజేసేటోణ్ణి, లోపట స్టవ్ మండుతుంటె గాలికి తొవ్వ ఉండాల్నని చెప్పిన. నా మాట ఇన్నరు. బొగ్గుబాయిల నీళ్ళు ఎట్ల తోడ్తరు, లోపట చీకటి ఎట్లుంటదని ఒకడెనుక ఒకడు అడిగిండ్రు. పని జేసేటోళ్ళు పని ముచ్చట ఇనే తీరు వేరే ఉంటది, అడిగే ప్రశ్నలే వేరే.

నాకు హిందీ రాయొస్తదని తెలిసినంక మేటు రేకుల డబ్బలకెళ్ళి పోస్టుకార్డులు తీసిండు. రాసేటోడు లేక ఎన్నొద్దులకెళ్ళి ఉన్నయో, అంచులు మెత్తబడ్డయి. కందిలి కాడ కూసోని ఒక్కొక్కనికి రాసిన. పెన్నుల సిరా గడ్డకట్టి ఊకె ఆగుతుంటె చంకల పెట్టి వెచ్చజేసుకున్న. వాళ్ళు ఏం రాయమన్నరనుకున్నరు? నాటు పడ్డదా, నీళ్ళు సరిపోయినయా. ఎడ్లల్ల పెద్దదానికి కాలు మంచిగైందా. చెల్లెకు పిల్లగాణ్ణి చూసిండ్రా. అప్పుల అసలు కట్టొద్దు, నేను వచ్చినంక మాట్లాడ్త. గుట్ట జారిన సంగతి ఒక్కడు రాయమనలె. బయట మంచు పడుతుంటె, అందరు క్షేమంగ ఉన్నం, ఎండ మంచిగ కాస్తున్నదని రాయిచ్చిండ్రు. ఒక పిలగాడు, మీసం గూడ సరిగ రాలె వానికి, మొత్తం రాయిచ్చినంక జరంత ఆగి, మా అమ్మకు నా ఫోటో వద్దు, నేను బక్కగైన అని చెప్పు అన్నడు. నేను దాన్ని ఇంకో తీరుగ రాసిన. ఏం రాసిన్నో మీకు గూడ చెప్పను.

నాలుగు గొట్టంగ లేపిండ్రు. మంచు ఆగింది, చుక్కలు చేతికందేటట్టు ఉన్నయి. బండి మీద జానెడు మంచు. ప్లగ్గు తీసి స్టవ్ కాడ వెచ్చజేసి పెట్టి, తన్నంగ తన్నంగ లేసింది. వాగుల మేటు ముందు దిగి కట్టెతోని లోతు చూసుకుంట నడిచిండు, ఇద్దరు ఎనుక నుంచి పట్టుకున్నరు. మొదటి గేరుల, ఆక్సిలేటర్ వదలకుండ దాటిన. వదిలితె సైలెన్సర్‌లకు నీళ్ళు పోతయి. ఒడ్డుకు చేరి ఎనుకకు తిరిగితె వాళ్ళ పాయింట్లు మోకాళ్ళ దాక తడిసి అప్పుడే గట్టిపడుతున్నయి. పైసలియ్యవోతె మేటు నా చెయ్యి ఎనుకకు నూకిండు. కార్డులు మంచిగ దాసినవా అన్నడు. అంగి లోపటి జేబుల ఉన్నయని తట్టి చూపిచ్చిన.

బారాలాచా కనుమ మీద నాకంటె ముందు ఒక లారీ పోయింది, దాని టైరు జాడల్నే పోయిన. భాగ నది పుట్టే సూరజ్ తాల్ అనే చెరువు ఆ కనుమ కిందనే ఉంటది. అంత మంచుల ఆ నీళ్ళు నల్లగ కనవడ్డయి. కనుమ మీద 16,040 అడుగులని బోర్డు. బండి ఆపి, నేను దేనికోసం వచ్చిన్నో ఆ గాలి పీల్చిన. ఎంత పీల్చినా చాలలె. రాత్రి డేరల పన్నోళ్ళు ఈ గాలిల్నే నెలలకు నెలలు రాళ్ళు మోస్తరు గదా అన్న ఒక్క మాటనే మనసుల తిరిగింది.

సర్చూ, గాటా మలుపులు ఇరువై ఒకటి, లాచులుంగ్ లా, పాంగ్, ఆ తర్వాత మోరే మైదానం. మైదానంల అప్పుడు రోడ్డు అనేది లేదు, దుమ్ముల ఎవని జాడ వానిది. పాంగ్ల పారాషూట్ గుడ్డతోని ఏసిన డేరల ఒక లదాఖీ అమ్మ వెన్న కలిపిన ఉప్పు చాయ పోసింది, మొగులు చూసి తొందరగ తంగ్లంగ్ దాటు అని సైగ జేసింది. ఆమె చెప్పినట్టే, నేను దాటి దిగుతుంటె ఎనుక కనుమ మొత్తం తెల్లగ మూసుకపోయింది. తొవ్వ పొడుగూత, మలుపుల కాడ, ఆ రోడ్డు మీద పానం పోయిన పన్నోళ్ళ పేర్ల రాళ్ళు కనవడ్డయి. కొన్నిటి కాడ ఆగి చదివిన. అందరి కాడ ఆగాలంటె పొద్దు చాలకపోవు.

లేహ్‌ల దిగి, రూమ్ గూడ తీసుకోకుండ పోస్టాఫీసుకు పోయి కార్డులు డబ్బల ఏసిన. ఆ తర్వాతనే మీ నాయినమ్మకు ఫోన్ జేసిన, ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలె. కశ్మీర్ దిక్కు తొవ్వ అప్పుడు మంచిగ లేదు, అందుకని వచ్చిన తొవ్వల్నే తిరిగిన.

తిరిగొస్తుంటె అదే వాగు కాడ అదే మేటు ఎర్రజెండ పట్టుకొని ఉన్నడు. హెల్మెట్ తీయకముందే బండిని గుర్తువట్టిండు. నన్ను ఎట్లున్నవని అడుగలె. కార్డులు ఎవరికన్న ఇచ్చినవా, నీ చేతుల్తోనే ఏసినవా అన్నడు. నా చేతుల్తోనే ఏసిన అన్న. సరే అని, నీళ్ళు ఇప్పుడు తక్కువున్నయి, ఎడమ దిక్కు రాయి పక్కకెళ్ళి పో అని జెండ దించిండు.