కరువు ఛాయాచిత్రాలు

ఆకలితో చిక్కిపోయినవారిని ఫొటో తీసి, చందాలు రాబట్టడానికో పాలకులను కదిలించడానికో ప్రచురించే పద్ధతి. భారతదేశంలో దీని చరిత్ర ధాత కరువుతో మొదలుపెట్టవచ్చు. ఫొటోలో ఉన్నవాళ్లను ఎవరైనా అడిగారా అన్న పేచీ కూడా అంత పాతదే.

1876–78 నాటి ఆ కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను పీల్చి పిప్పిచేసింది. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షలకు పైగా చనిపోయారని అంచనా. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విలబీ వాలెస్ హూపర్ ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆనాటి కెమెరా ముందు కదలకూడదు. పెద్దవాళ్లు వెనక, పిల్లలు ముందు, అచ్చం పెళ్లి ఫొటోలో లాగే. చూసేవారిని ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ఆ అమరికే. వాళ్లకు తిండి పెట్టకుండానే పంపేశాడన్న అపవాదు హూపర్ మీద ఉంది. 1886లో బర్మాలోని మాండలేలో మరణశిక్షల వేళ తుపాకులు పేలే క్షణాన్ని ఫొటో తీయబోయాడన్న వార్త లండన్ టైమ్స్‌లో వచ్చి, విచారణ దాకా వెళ్లింది. కరువు ఫొటోలకు మాత్రం అలాంటి విచారణేదీ జరగలేదు.

1943 బెంగాల్ కరువులో పరిస్థితి వేరు. పత్రికలపై యుద్ధకాలపు ఆంక్షలుండేవి, ‘కరువు’ అనే మాటే ప్రభుత్వానికి గిట్టేది కాదు. ఆ నిబంధనల్లో ఫొటోల ఊసు లేదని పసిగట్టిన కలకత్తా ‘స్టేట్స్‌మన్’ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్, ఆగస్టు 22న వీధుల్లో పడివున్న తల్లులూ పిల్లల చిత్రాలు అచ్చువేశాడు. పత్రిక ఆంగ్లేయులదే కావడంతో కొట్టిపారేయడం కష్టమైంది. ప్రతులు ఢిల్లీకీ, విదేశాలకీ చేరాయి. అక్టోబరులో వచ్చిన కొత్త వైస్రాయ్ వేవెల్ సహాయానికి సైన్యాన్ని దించాడు. ఆ మార్పు మొత్తం ఫొటోల పుణ్యమే అనడం అతిశయోక్తి. అయినా ఇటువంటి ప్రచురణను సమర్థించేవారికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు.

ఇక్కడా ఫొటోల్లోనివాళ్లకు పేర్లు లేవు. అదే ఏడాది మిద్నాపూర్ ఊళ్లలో తిరిగిన చిత్రకారుడు చిత్తప్రసాద్ కెమెరా పట్టలేదు. ఎదురుపడిన మనుషులను గీసి, పలుచోట్ల పేరూ ఊరూ రాసి, వాళ్ల కథ చెప్పాడు. ‘హంగ్రీ బెంగాల్’ పేరిట వచ్చిన ఆ పుస్తకం ప్రతులను ప్రభుత్వం తగలబెట్టించింది. కుటుంబం దాచుకున్న ఒక ప్రతి ఆధారంగా 2011లో అది మళ్లీ అచ్చయింది.