సైకిలు దీపం: ముందు వెలుగు, వెనుక వెలుగు

మన సంఘ సభ్యుల్లో చాలామందికి ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఉన్న ఒకే ఒక్క వాహనం సైకిలు. ఈ ప్రత్యేక సంచికకు మన కాలం నాటి సంగతి ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను 1972లో పురపాలక సంఘంలో గుమాస్తాగా చేరి, పన్నుల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఏటేటా సైకిళ్ళకు ఇచ్చే లైసెన్సు బిళ్ళలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. అందుకని సైకిలు దీపం చరిత్ర ఎంచుకున్నాను. వస్తువు చిన్నదే గాని, అందులో ఒక పెద్ద ప్రశ్న ఉంది. చీకటి రోడ్డు మీద దీపం ఎందుకు? మనం దారి చూసుకోవడానికా, ఇతరులు మనల్ని చూడటానికా?

తొలి సైకిళ్ళకు దీపం లేదు. ముందు చక్రం మనిషెత్తు ఉండే పాతకాలపు సైకిళ్ళ రోజుల్లో, 1880 ప్రాంతంలో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్ లూకస్ అనే వర్తకుడు 'కింగ్ ఆఫ్ ది రోడ్' అనే నూనె దీపాన్ని తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు. దాన్ని ముందు చక్రం ఇరుసుకు, స్పోకుల మధ్య వేలాడదీసేవారు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన స్థానిక పరిపాలన చట్టం సైకిలును కూడా బండిగా గుర్తించింది. సూర్యుడు అస్తమించిన గంట తర్వాత నుంచి, ఉదయించడానికి గంట ముందు వరకు సైకిలుకు దీపం ఉండి తీరాలంది. ఆ దీపం వెళ్ళే దిశగా వెలుగు చూపాలని కూడా చెప్పింది. వెనుక వైపు సంగతి ఆ చట్టం ఎత్తనే లేదు. ఎందుకు ఎత్తాలి? అప్పటి రోడ్డు మీద వెనుక నుంచి వచ్చేది గుర్రబ్బండి. సైకిలు దానికంటే వేగంగా పోయేది.

నూనె దీపం గుంటలో పడితే ఆరిపోయేది, గాలి వీస్తే పొగచూరేది. 1892లో కాల్షియం కార్బైడును పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతి తెలియడంతో, కొన్నేళ్ళలోనే కార్బైడు దీపాలు వచ్చాయి. పై అరలో నీళ్ళు, కింది అరలో కార్బైడు ముక్కలు ఉంటాయి. నీటి చుక్క పడగానే ఎసిటిలీన్ వాయువు పుట్టి తెల్లగా మండుతుంది. మన వ్యాపారులు మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడగా, ఆరోగ్యానికి చేటని నిషేధించిన కార్బైడు ఇదే. వెలుగు బాగుండేది గాని, వెల్లుల్లి వాసన, రోజూ బూడిద కడుక్కోవడం తప్పేవి కావు. తర్వాత వచ్చింది మనందరికీ తెలిసిన డైనమో. టైరుకు ఆనించి తొక్కితే ఆరు వోల్టుల కరెంటు పుడుతుంది. నూనె అక్కరలేదు, వత్తి అక్కరలేదు. కాని తొక్కడం బరువవుతుంది, ఆగితే దీపం ఆరిపోతుంది.

ఈలోగా రోడ్డు మారింది. మోటారు వచ్చింది. సైకిలును వెనుక నుంచి వచ్చి దాటిపోయే వాహనం మొదటిసారిగా పుట్టింది. దాంతో ఇంగ్లండులో పెద్ద వాదన రేగింది. సైకిలుకు వెనుక ఎర్ర దీపం తప్పనిసరి చేయాలని మోటారు వర్గాలు అడిగాయి. 1878లో ఏర్పడిన సైకిలు యాత్రికుల సంఘం, సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్, గట్టిగా ఎదిరించింది. "తన దీపం వెలుగు ఎంతవరకు పడుతుందో అంత దూరంలో ఆగగలిగే వేగంతోనే మోటారు నడవాలి. గుద్దకుండా చూసుకోవలసిన బాధ్యత వెనుకవాడిది. దాన్ని పేదవాడి సైకిలు మీదికి నెట్టడమేమిటి?" అన్నది వారి వాదన సారాంశం. న్యాయం చూస్తే అందులో తప్పు పట్టడానికి లేదు. చివరికి రాజీ కుదిరింది. దీపానికి బదులు ఎర్ర రిఫ్లెక్టరు చాలన్నారు. 1930ల నడుమ వెనుక మడ్‌గార్డు మీద తెల్ల రంగు పట్టీ కూడా ఉండాలన్నారు.

1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. విమానాలకు కనబడకుండా ఇంగ్లండు అంతటా దీపాలు ఆర్పేశారు. ఆ కటిక చీకట్లో సైకిలుకు వెనుక దీపం తప్పనిసరి అయింది. యుద్ధం ముగిసిన 1945లో సైకిలు దీపాల కోసమే ఒక చట్టం చేసి దాన్ని శాశ్వతం చేశారు. ముందు దీపానికీ వెనుక దీపానికీ మధ్య చట్టంలో యాభై ఏడేళ్ళ ఎడం!

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. మన తాతల కాలంలో ర్యాలీ, హెర్క్యులిస్, హంబర్ సైకిళ్ళు అక్కడి నుంచే ఓడల మీద దిగేవి. స్వాతంత్ర్యం తర్వాత 1949లో మద్రాసు దగ్గర టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో వచ్చాయి. తయారీ మనదైనా నమూనా అదే. మన నల్ల సైకిలు వెనుక మడ్‌గార్డు కొసన తెల్ల రంగు, దాని మధ్య ఎర్ర బిళ్ళ గుర్తున్నాయా? అది కంపెనీవారి అలంకారమని చాలామంది అనుకున్నారు. కాదు, ఇంగ్లండు రోడ్ల మీద జరిగిన ఆ రాజీ గుర్తు అది.

నిబంధనలు కూడా ఆ బాటలోనే నడిచాయి. మా పట్టణంలో పన్ను కట్టిన సైకిలుకు రేకు బిళ్ళ ఇచ్చేవాళ్ళం. పాత బిళ్ళ చెల్లదని తెలియడానికి దాని ఆకారం మారుస్తూ ఉండేవారు. బిళ్ళ లేకపోయినా, ఇద్దరెక్కినా, దీపం లేకపోయినా పట్టుకునేవారు. మొదటి ఆట సినిమా వదిలే వేళకు కూడలిలో పోలీసులు నిలబడేవారు. దీపం లేనివాడి టైరులో గాలి తీసేస్తే ఇంటిదాకా నడకే. అందుకని కొందరు కాగితం పొట్లంలో కొవ్వొత్తి పట్టుకునేవారు, కొందరు టార్చిలైటు హ్యాండిల్‌కు కట్టేవారు. కూడలి దాటగానే ఆర్పేసేవారు! దీపం పోలీసు కోసమే అన్న భావం అలా నాటుకుపోయింది. ముందు నిలబడిన పోలీసుకు కనబడేది ముందు దీపమే గనుక, వెనుక బిళ్ళ ఉందో ఊడిందో అడిగినవారు లేరు.

దాని ఫలితం నేను దగ్గరగా చూశాను. 1981 డిసెంబరులో మా నీటి సరఫరా విభాగంలోని వాచ్‌మన్ ఒకాయన, రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున ఊరి బయటి రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. వెనుక నుంచి లారీ గుద్దింది. ఆయన సైకిలుకు డైనమో ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. లైసెన్సు బిళ్ళ కూడా ఉంది. వెనుక మడ్‌గార్డుకు మాత్రం బురద పట్టి ఉంది, ఎర్ర బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. ఏ పోలీసు ఆపినా ఆయనలో తప్పు పట్టడానికి లేదు. ఆయన భార్య పేర కుటుంబ పింఛను కాగితాలు తయారుచేసింది నేనే. ఆమె వేలిముద్ర వేయించుకుంటుంటే ఆమె అడిగింది, "లైటు ఉందిగా బాబూ, ఎందుకు కనపడలేదు?" అని. ఆ ప్రశ్నకు జవాబే పైన రాసిన చరిత్ర అంతా.

లెక్క చూడండి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు సుమారు 17 మీటర్లు సాగుతుంది. డ్రైవరు చూసి, బ్రేకు మీద కాలు వేసేలోపు ఒకటిన్నర సెకను పడితే 25 మీటర్లు పోయినట్లే. ఎదురు వాహనం వెలుగు కళ్ళల్లో పడిందా, నల్ల సైకిలు, ముదురు చొక్కా చీకట్లో కలిసిపోతాయి. రిఫ్లెక్టరు తన మీద పడిన వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది గనుక డ్రైవరుకు దూరం నుంచే మెరుస్తుంది. పెడల్ రిఫ్లెక్టర్లు పైకీ కిందికీ కదలడం వల్ల అక్కడ సైకిలు ఉందని వెంటనే తెలిసిపోతుంది.

ఆ తర్వాత సైకిలు పన్ను పోయింది, బిళ్ళలు పోయాయి, అడిగేవారూ పోయారు. 1988 మోటారు వాహనాల చట్టం పేరుకు తగ్గట్టు మోటారుకే. ఊళ్ళ మధ్య రోడ్లు నాలుగు వరుసలయ్యాయి, వేగం పెరిగింది. సరిగ్గా అదే కాలంలో సైకిళ్ళ మీది డైనమోలు మాయమయ్యాయి. 2020లో కేంద్ర ప్రభుత్వం సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యతపై ఉత్తర్వు తెచ్చింది. మంచిదే. కాని పాత సైకిలు తొక్కే వాచ్‌మన్‌కు, పాలు పోసేవాడికి, ట్యూషను నుంచి వచ్చే పిల్లకు అది అందదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన సైకిలు వారు నాలుగు వేలకు పైగా ఉన్నారు.

బాధ్యత వెనుకవాడిదే అన్న పాత వాదన ఈనాటికీ న్యాయమైనదే. లారీ నడిపేవారికి అది చెప్పవలసిందే. అయితే న్యాయం మన వైపు ఉన్నంత మాత్రాన ప్రాణం నిలవదు. వెనుక నుంచి కనబడటం మన చేతిలో పని.

కనుక నాదొక మనవి. డిసెంబరు 17 పెన్షనర్ల దినం. రాత్రులు పొడవుగా, తెల్లవారుజాములు మంచుతో ఉండే రోజులవి. ఆ రోజు సన్మానాలతో పాటు, మన శాఖలు ఒక్కొక్కటి ఒక ఉన్నత పాఠశాలకు వెళ్ళి పిల్లల సైకిళ్ళ వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు తెల్లది, పెడళ్ళకు పసుపువి బిగించాలని కోరుతున్నాను. ఒక్కో సైకిలుకయ్యే ఖర్చు స్వల్పం. బ్యాటరీతో వెలిగే చిన్న ఎర్ర ఎల్‌ఇడి దీపం కూడా పెట్టగలిగితే మరీ మేలు. రాత్రి డ్యూటీ చేసే చిరుద్యోగులను మరవవద్దు. చీకటితో వ్యాహ్యాళికి బయలుదేరే మన సభ్యులు కూడా తెల్ల బట్టలు కట్టుకుని, వాహనాలకు ఎదురుగా నడవవలసిందిగా ప్రార్థన.