షట్టరు దించే చోటు

పెదవేగి మెట్ట నుంచి కాస్త దక్షిణానికి దిగితే ఏలూరు. అక్కడ రెండు నదుల కాలువలు కలుస్తాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలువ ఒకటి, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఇంకొకటి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ నీటితో బతికే రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లకాలువకు గండి పడితే ముందుగా ఎగువన తూము షట్టరు దించాలి. ఆ ఒక్క కాలువే ఎండుతుంది, మిగతా ఆయకట్టుకు నీరు పారుతూనే ఉంటుంది. గండి పూడ్చడం ఆ తర్వాతి పని.

కంప్యూటర్లోనూ అలాంటి షట్టరు ఉంది. డిస్కు, స్క్రీను, నెట్‌వర్క్ కార్డు పలికేలా చేసే డ్రైవర్లు చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే పనిచేస్తాయి. మామూలు ప్రోగ్రాం చెడితే అదొక్కటే మూతపడుతుంది. కెర్నల్‌లో ఉన్న డ్రైవరు తప్పు చేస్తే మెషీనే ఆగిపోతుంది. అది బూట్ అవుతుండగానే జరిగితే చిక్కు మరీ పెద్దది. బాగుచేయాలంటే సిస్టమ్ లేవాలి, లేవాలంటే బాగుచేయాలి.

ఈ ముడి విప్పే ఉపాయాలు 1990లలో ఒక్కొక్కటిగా వచ్చాయి. 1991లో ఆపిల్ సిస్టమ్ 7లో షిఫ్ట్ మీట నొక్కిపట్టి మెషీను ఆన్ చేస్తే అదనంగా చేర్చిన ఎక్స్‌టెన్షన్లేవీ లోడ్ అయ్యేవి కావు. 1993లో ఎంఎస్-డాస్ 6 ఇంకో అడుగు వేసింది. ఎఫ్5 నొక్కితే డ్రైవర్ల పట్టీ మొత్తాన్నీ వదిలేసేది. ఎఫ్8 నొక్కితే ఒక్కో వరుస దగ్గరా ఆగి, ఇది కావాలా వద్దా అని అడిగేది. అదే ఏడాది వచ్చిన విండోస్ ఎన్‌టీ, కిందటిసారి సవ్యంగా లేచినప్పటి సెట్టింగులను దాచిపెట్టుకుని, అవసరమైతే వాటికి తిరిగి వెళ్లనిచ్చింది. 1995లో విండోస్ 95తో, తప్పనిసరి డ్రైవర్లతోనే మెషీనును లేపే సేఫ్ మోడ్ వచ్చింది. ఎఫ్8 నొక్కి అందులోకి వెళ్లేవారు.

లినక్స్ దారి వేరు. అక్కడ బూట్ మెనూలో ‘ఇ’ నొక్కితే కెర్నల్‌కు అందే వరుస కనిపిస్తుంది. దాని చివర మాట చేర్చవచ్చు. స్క్రీను నల్లబడుతుంటే ‘నోమోడ్‌సెట్’ అని రాస్తారు. గ్రాఫిక్స్ డ్రైవరు నూవో మొరాయిస్తే దాని పేరు బ్లాక్‌లిస్టులో పెడతారు. విడి మాడ్యూళ్లకు ఇది సరిపోయింది కానీ, కెర్నల్‌లోనే కలిపేసిన భాగాలను ఆపడానికి పనికిరాలేదు. ఆ కొరతను 2014లో ‘ఇనిట్‌కాల్ బ్లాక్‌లిస్ట్’ తీర్చింది. బూట్ వేళ నడిచే ఫంక్షన్ పేరు చెబితే కెర్నల్ దాన్ని దాటేస్తుంది. అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది ఒకటుంది. అలా రాసిన మాట ఆ ఒక్క బూట్‌కే చెల్లుతుంది. తప్పు రాసినా రీస్టార్ట్ చేస్తే పోతుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాడికి ఇంతకంటే ధైర్యం ఇచ్చేది ఏముంటుంది?

విండోస్‌లో మాత్రం ఆ షట్టరు కాస్త దూరం జరిగింది. 2012లో వచ్చిన విండోస్ 8 ఎంత వేగంగా లేచేదంటే ఎఫ్8 కోసం ఎదురుచూసే వ్యవధి సెకనులో ఐదో వంతు కూడా మిగల్లేదు. ఆ మీటను మామూలుగా పనిచేయకుండా చేశారు.

2024 జులై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ మన సమయం ప్రకారం ఉదయం 9:39కి 291 నంబరు ఫైలును పంపింది. చూడాల్సిన గడులు 21 అని అందులో ఉంది, ప్రోగ్రాం అందించేవి 20. లేని ఇరవై ఒకటో గడి కోసం కెర్నల్‌లోని డ్రైవరు మెమరీలో చదవకూడని చోట చదివింది. మెషీన్లు నీలి తెరతో కూలాయి. 78 నిమిషాల్లో సంస్థ తప్పు దిద్దుకుంది కానీ మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అప్పటికే 85 లక్షల మెషీన్లు దెబ్బతిన్నాయి. ఆ డ్రైవరు బూట్ మొదట్లోనే లేచేది కాబట్టి రీస్టార్ట్ చేసిన చాలా మెషీన్లు మళ్లీ అక్కడే పడ్డాయి. శంషాబాద్‌లో విమానాలు రద్దయ్యాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన ఇండిగో బోర్డింగ్ పాస్ ఫోటో ప్రపంచమంతా తిరిగింది.

మందు చిన్నదే. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలును తీసేయాలి. అయితే ఒక్కో మెషీను దగ్గరికీ మనిషి నడిచి వెళ్లాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల కీ కొట్టాలి. ఆ కీలు దాచిన సర్వరు కూడా పడిపోయిన చోట సిబ్బంది పడ్డ యాతన అంతా ఇంతా కాదు. క్లౌడ్‌లోని మెషీన్లను పదిహేనుసార్ల దాకా రీస్టార్ట్ చేసి చూడమని మైక్రోసాఫ్టే చెప్పాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నడిపే ఆ సంస్థ అదే ఏడాది నవంబరులో ‘క్విక్ మెషీన్ రికవరీ’ని ప్రకటించింది. లేవలేని మెషీను తనంతట తానే రికవరీలోకి వెళ్లి, నెట్‌వర్క్ ద్వారా దిద్దుబాటు తెచ్చుకుంటుంది. అది మంచి పనే. నెట్ అందని మండల కార్యాలయంలో మాత్రం మెషీను ముందు కూర్చున్న మనిషికి ఇప్పటికీ ఒక మీట కావాలి.