బ్రేకు చేతికొచ్చాక

1976 అక్టోబరు 21. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫ్యాక్స్ అనే చిన్న ఊరు. దాని పక్క కొండల్లో, అడవి మంటలు ఆర్పే బళ్ల కోసం వేసిన ఒక మట్టిదారి. కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లు తోసుకుంటూ ఆ దారెంట పైకెక్కారు. అవి 1930ల్లో, 40ల్లో ష్విన్ లాంటి కంపెనీలు తయారుచేసిన లావు టైర్ల బండ్లు. చాలావాటికి గేర్లు లేవు, బరువు చూస్తే ఒక్కోటీ 20 కిలోల దాకా ఉంటుంది. రెండు మైళ్ల దూరంలోనే 1300 అడుగుల లోతుకు దిగిపోయే ఆ వాలులో, పందెం నిర్వహించిన చార్లీ కెల్లీ గడియారం చూసుకుంటూ ఒకరి తర్వాత ఒకరిని వదిలాడు. గెలిచింది అలాన్ బాండ్స్. కింద పడకుండా దిగినవాడు అతనొక్కడేనని ఆ పందెం గురించి చెబుతారు.

మౌంటెన్ బైకింగ్ అనే ఆట చరిత్ర సాధారణంగా ఈ వాలు దగ్గరే మొదలుపెడతారు. అప్పటి ఫొటోలు చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. చాలామంది తలకు హెల్మెట్ లేదు. ఒంటి మీద జీన్స్, కాళ్లకు మోటు బూట్లు. చేతులకు మాత్రం తోటపనికో, కట్టెలు మోయడానికో వాడే మందపాటి గ్లౌజులు! తలను గాలికొదిలేసినవాళ్లు అరచేతుల్ని కాపాడుకున్నారంటే నవ్వొస్తుంది కానీ, అందులో అనుభవం ఉంది. సైకిలు మీంచి పడేవాడి చేతులు తనకు తెలియకుండానే ముందుకు చాచుకుంటాయి. నేలను మొదట తాకేది అరచెయ్యే. కంకర మీద దోక్కుపోయిన అరచేత్తో మర్నాడు హ్యాండిల్ కాదు కదా, అన్నం ముద్ద పట్టుకోవడమూ కష్టమే.

ఆ కొండదారికి రీప్యాక్, అంటే మళ్లీ దట్టించడం, అని పేరు. పెడల్‌ను వెనక్కి తొక్కితే చక్రం ఆగే కోస్టర్ బ్రేకు ఆ పాత సైకిళ్లది. వాలు పొడుగునా కాలితో అదిమి పట్టేసరికి వెనక హబ్ కాలిపోయి, లోపలి గ్రీజు పొగలై లేచేది. కిందికి చేరాక హబ్ ఊడదీసి మళ్లీ గ్రీజు దట్టించనిదే సైకిలు పనికొచ్చేది కాదు. పేరు సంగతి అలా ఉంచితే, ఆ రోజుల్లో వేగాన్ని అదుపు చేసే పని కాలిది. చేతుల పని హ్యాండిల్‌ను జారిపోకుండా పట్టుకోవడం, పడితే దెబ్బ కాచుకోవడం. దానికి తోటమాలి గ్లౌజు చాలు.

ఆ కాలాన్ని మార్చినవాళ్లలో గ్యారీ ఫిషర్ ముఖ్యుడు. రీప్యాక్ వాలును 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు పెట్టింది అతనే. తన పాత ష్విన్‌కు గేర్లు పెట్టాడు, డ్రమ్ బ్రేకులు బిగించాడు, వాటిని లాగడానికి మోటారు సైకిలు లీవర్లు తెచ్చి హ్యాండిల్‌కు తగిలించాడు. రికార్డులో అతనికి రెండు సెకన్లు వెనకున్న జో బ్రీజ్ 1977-78లో కొండల కోసమే పది కొత్త సైకిళ్లు తయారుచేశాడు. వాటిలో మొదటిది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను అంగళ్లలో పెట్టడంతో ఈ రకం సైకిలు మామూలు జనం చేతికీ వచ్చింది. అప్పటికి బ్రేకు కాలి నుంచి వేళ్లకు మారిపోయింది. గ్లౌజు చేయవలసిన పని కూడా ఆ మార్పుతోనే రెట్టింపయింది. దెబ్బ కాయాలి, వేలికి పట్టూ ఇవ్వాలి.

వేళ్లకు పని పెరిగితే అరచేతికి ఏమవుతుందో వైద్యులకు అంతకు ఎనభై ఏళ్ల ముందే తెలుసు. మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు, రెండు చిన్న ఎముకల మధ్య ఒక ఇరుకు సందు ఉంది. ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఫెలిక్స్ గియాన్ 1861లో దాన్ని వర్ణించాడు. అల్నార్ నాడి అరచేతిలోకి వచ్చేది అందులోంచే. సైకిలు మోజు యూరప్‌ను ఊపేస్తున్న 1896లో, లియాన్ నగరానికి చెందిన ఎతియేన్ దెస్తో అనే వైద్యుడు సైకిలు తొక్కేవాళ్లలో ఈ నాడి దెబ్బతినడం గురించి రాశాడు. హ్యాండిల్ మీద వాలిన బరువంతా ఆ సందు మీద పడితే మొదట చిటికెన వేలు, ఉంగరం వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. పట్టించుకోకపోతే వేళ్ల పట్టు సడలుతుంది. నాణెం పట్టుకోవడం, తాళం తిప్పడం కూడా కష్టమవుతుంది. సరిగ్గా వందేళ్లకు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ అడుగుపెట్టేనాటికి, సైకిలు గ్లౌజుల్లో ఆ సందు వైపు చిన్న మెత్త పెట్టడం మామూలైపోయింది.

తోటపని గ్లౌజు పోయి అసలు గ్లౌజు వచ్చింది మోటోక్రాస్ వైపు నుంచి. మట్టిలో మోటారు సైకిళ్ల పందేలు కాలిఫోర్నియాలో అప్పటికే జోరు మీదున్నాయి. 1974లో మొదలైన ఫాక్స్ లాంటి మోటోక్రాస్ కంపెనీలు తర్వాత మౌంటెన్ బైకర్లకూ దుస్తులు, గ్లౌజులు అమ్మసాగాయి. రోడ్డు సైకిలు వాళ్ల గ్లౌజుకు వేళ్లు సగానికి తెగి ఉంటాయి. మట్టిదారిలో అది కుదరదు. ముళ్ల కొమ్మ తగిలేది వేళ్లకే, చెట్టు మాను గీసుకునేది వేలి కణుపులకే. పైగా ఒకప్పుడు 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండే హ్యాండిల్ ఇప్పుడు 780, 800 దాకా పెరిగింది. సన్నని కాలిబాటలో రెండు చెట్ల మధ్య నుంచి దూరేటప్పుడు ముందుగా ఇరుక్కునేవి చేతులే. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం డౌన్‌హిల్ పందేలకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసి, వేళ్లన్నీ కప్పే గ్లౌజులను గట్టిగా సిఫార్సు చేస్తుంది.

ఇంతలో సైకిలే మెత్తబడింది. 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన మొదటి అధికారిక ప్రపంచ పోటీల్లో డౌన్‌హిల్ గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్, రాక్‌షాక్స్ వాళ్ల కొత్త సస్పెన్షన్ ఫోర్కు మీద దిగాడు. రాళ్ల కుదుపులో కొంత ఫోర్కే మింగేయడం మొదలయ్యాక అరచేతి కింద దిండులాంటి మెత్తల అవసరం తగ్గింది. ఆ తర్వాత హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులొచ్చి ఒక్క చూపుడు వేలితో సైకిలును నిలబెట్టే వీలు కల్పించాయి. అందుకే ఇప్పటి మంచి గ్లౌజులో అరచెయ్యి పలచగా ఉండి, చూపుడు, మధ్య వేళ్ల మీద సిలికాన్ గీతలుంటాయి.

కొనేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. మెత్త ఎంత లావైతే చేతికి అంత సుఖమనుకుంటారు. నిజానికి మెత్త లావెక్కేకొద్దీ గుప్పిట్లో హ్యాండిల్ కూడా లావెక్కినట్టే. దాన్ని పట్టుకోవడానికి మరింత బిగించాలి, బిగించేకొద్దీ మోచేతి కింది కండరాలు రాయిలా గట్టిపడతాయి. అరచేతిలో ముడతపడ్డ మెత్త బొబ్బలు కూడా లేపుతుంది. తిమ్మిరి వదలకుండా వస్తుంటే చూడాల్సింది గ్లౌజు కన్నా ముందు సైకిలును. సీటు ముందుకు వాలి ఉందా, హ్యాండిల్ మరీ కిందికుందా, లీవరు కోణం మణికట్టును వంచేస్తోందా? వీటిని సరిచేయకుండా ఎంత ఖరీదైన గ్లౌజు కొన్నా ఆ డబ్బు దండగే.

సైజుకు కొలత టేపు కావాలి. బొటనవేలు వదిలేసి, వేలి కణుపుల కింద అరచేతి చుట్టుకొలత తీసి కంపెనీ పట్టికలో చూసుకోవాలి. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీకి లార్జ్ కావచ్చు. గ్లౌజు తొడుక్కుని చెయ్యి చాచి చూస్తే చాలదు, గుప్పిట బిగించాలి. వేళ్ల సందుల్లో లాగినట్టుంటే చిన్నది. వేలికొసన ఖాళీ మిగిలితే పెద్దది, ఆ ఖాళీయే బ్రేకు లీవరుకు చిక్కుకుంటుంది. కుట్లు వేలికొసల మీద, అరచేతి మధ్య పడకూడదు. బొటనవేలి వెనక తువ్వాలు లాంటి గుడ్డ ముక్క ఉంటే చెమట తుడుచుకోవడానికి పనికొస్తుంది. కణుపుల మీద రక్షణ కావాలంటే 1999లో మొదలైన బ్రిటిష్ కంపెనీ డీ3ఓ తయారుచేసే పదార్థం లాంటివి ఉన్నాయి, మామూలప్పుడు మెత్తగా వంగి దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడతాయి. చదును దారుల్లో తిరిగేవాళ్లకు మాత్రం అది అనవసరపు బరువు.

చేతులు ఖాళీగా ఉంటేనే హ్యాండిల్ స్పర్శ బాగా తెలుస్తుందని గ్లౌజులు లేకుండా దిగే ఆరితేరిన రైడర్లూ ఉన్నారు. ఆ వాదన పూర్తిగా తప్పేం కాదు. కానీ ఏళ్ల తరబడి కాయలు కాసిన వాళ్ల అరచేతులు వేరు, వారమంతా కీబోర్డు మీద ఆడి ఆదివారం వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు బయల్దేరే చేతులు వేరు. అదీగాక గ్లౌజు చేయలేని పని కూడా ఒకటుంది. చాచిన చేతి మీద శరీరం బరువంతా పడితే మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముక విరగకుండా ఏ తోలూ ఆపలేదు. పడ్డాక బొటనవేలి మొదట్లో గుంటలాంటి చోట నొక్కితే నొప్పి ఉంటే, వాపు లేకపోయినా ఎక్స్‌రే తీయించుకోవాలి. ఈ విరుపు మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనిపించదు కూడా.

వికారాబాద్ చుట్టూ ఎర్రకంకర నేలల్లో, సర్కారు తుమ్మ అల్లుకున్న మన బాటల్లో తిరిగేవాళ్లకు పలచని అరచెయ్యి, నిండు వేళ్లు, గాలాడే పైభాగం ఉన్న జత సరిపోతుంది. వేసవిలో చెమటకు తడిసిన గ్లౌజు జారుతుంది కాబట్టి రెండో జత సంచిలో పెట్టుకోండి. ఉతికేటప్పుడు వెల్‌క్రో పట్టీ మూసి చల్లనీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. అరచేతి వైపు చిరుగు కనిపించిన రోజునే ఆ జతను మార్చేయండి.